తడిసిన భుజాలు

ఆ వానాకాలం నేను డెబ్భైమూడు మంది మనుషులకి రంగులు వేశాను. ఒక్కొక్కరు వేలి కణుపంత. వాళ్ళలో పదకొండుమంది అప్పటికే చనిపోయారు. మిగిలినవాళ్ళలో ఒకాయన నా మొగుడు.

మా రేవులో లాంచీ ఎక్కడానికి బల్లకట్టు ఉండేది. ఒడ్డు నుంచి దాని మీదికి ఇనుప వంతెన, వంతెన మొదట్లో గేటు. అరవైమందికి మించి వెళ్ళకూడదని బోర్డు. అరవై కాగానే గేటు మూసి గడియ పెట్టడం మా ఆయన ఉద్యోగం. పదహారేళ్ళుగా చేస్తున్నాడు. వానలు పట్టుకున్న రెండో వారంలో ఒక సాయంత్రం, ఆఖరి లాంచీ వచ్చే వేళకి, బల్లకట్టు ఒక పక్కకి ఒరిగిపోయింది. అప్పుడు దాని మీద, వంతెన మీద కలిపి డెబ్భైరెండు మంది ఉన్నారు.

జనం గేటు విరగ్గొట్టుకుని వచ్చారని మా ఆయన వాంగ్మూలం ఇచ్చాడు. గేటు విరిగి వేలాడుతున్న మాట నిజమే. అందరూ చూశారు.

నేను పనిచేసేది నమూనాలు తయారుచేసే వర్క్‌షాపులో. కట్టబోయే ఇళ్ళు, కంపెనీవాళ్ళ ఓడలు, వంతెనలు, అన్నీ బల్ల మీద పట్టేంత చేస్తాం. కింద అంతస్తులో కొయ్యపని. పై గదిలో పెద్దాయన, నేను. పెద్దాయన అంటే యజమానే. డెబ్భై దాటాయి. కుంచె పట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే.

రేవులో అది జరిగిన పది రోజులకి ఆయన నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చేతిలో ఒక కాయితం.

"విచారణవాళ్ళు రేవు నమూనా కావాలంటున్నారమ్మా. మనుషులతో సహా. ఎవరెక్కడ నిలబడ్డారో ముందు పెట్టుకుని చూస్తారట."

నేను ఆ కాయితం అందుకుని చదివాను.

"నీకు కష్టమైతే వద్దు. బయటినుంచి ఎవర్నైనా పిలిపిస్తా."

"నేనే వేస్తానండీ."

"ఎందుకు?"

"వేరేవాళ్ళయితే గబగబా పూసి పారేస్తారు."

అసలు కారణం అది కాదని ఆయనకీ తెలుసు. ఆ పని నా చేతుల మీదుగా వెళ్తే మా ఆయనకి చెడు జరగదని ఏదో పిచ్చి నమ్మకం. పెద్దాయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"సరే. కానీ గేటు జోలికీ, గేటు దగ్గర మనిషి జోలికీ నువ్వు రావద్దు. అవి నేను చేస్తా. రేపెవడైనా వేలెత్తి చూపిస్తే నీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు."

ఇంట్లో ముగ్గురమే. మా ఆయన, అత్తగారు, నేను. ఆయన్ని ఉద్యోగంలోంచి తాత్కాలికంగా పక్కన పెట్టారు. పొద్దున్నే అలవాటు చొప్పున లేచి, గడ్డం గీసుకుని, చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా కిటికీ పక్కన కుర్చీలో కూర్చునేవాడు. వీధిలో వాళ్ళు మా గుమ్మం దగ్గరికొచ్చేసరికి అవతలి వైపుకి మారి నడిచేవాళ్ళు.

"నిన్నటిదాకా మన నిచ్చెన కావాలి, మన గొడ్డలి కావాలి అని చెప్పులరిగేలా తిరిగినవాళ్ళే," అనేది అత్తగారు, వాళ్ళకి వినపడేంత గొంతుతో. "నా కొడుకు చీమకి దారిచ్చి నడిచే మనిషి. వాడా చంపింది? వాన చంపింది. తొందర చంపింది. ఇవి అడిగేవాడు లేడు."

"అమ్మా, లోపలికి రా," అనేవాడు ఆయన.

"రాను. వాళ్ళే లోపలికి పోనీ."

అన్నం కలిపి కంచంలో ఒక మూల నుంచి ఇంకో మూలకి జరిపేవాడు తప్ప తినేవాడు కాదు. నా పని గురించి ఆ నెలన్నరలో ఆయన అడిగింది ఒకే ఒక్క మాట.

"చిన్నపిల్లలున్నారా అందులో?"

"ఇద్దరున్నారు."

కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అత్తగారు ఆ కంచం వైపూ నా వైపూ మార్చి మార్చి చూసింది.

బొమ్మలు పెద్దాయన అచ్చుల్లో పోసి ఇచ్చేవాడు. బూడిద రంగు ప్రైమర్ కొట్టి, ఒక్కోదాన్నీ సీసా బిరడాకి అంటించి, వరసగా పెట్టుకునేదాన్ని. విచారణ ఆఫీసు నుంచి వచ్చిన జాబితాలో ప్రతి మనిషికీ ఒక అంకె, పక్కన బట్టల రంగు. ముప్ఫైనాలుగు: మగ, గోధుమరంగు చొక్కా, చేతిలో టిఫిన్ డబ్బా. నలభై: ఆడ, నల్లకోటు, బూడిదరంగు సంచి.

ఇంత చిన్న మనిషికి ఒకే రంగు పూసి వదిలేస్తే ఆటబొమ్మలా ఉంటుంది. మామూలు మనిషి మీద నీడ దానంతటదే పడుతుంది. కణుపంత మనిషి మీద నీడ పడదు, మనమే వెయ్యాలి. ముందు అడుగు రంగు ముదురుగా. ఆరాక, దానికంటే పిసరంత లేత రంగు, పాలకంటే పల్చగా కలిపి, కొంచెం తక్కువ మేర. మళ్ళీ ఆరాక ఇంకా లేత, ఇంకా తక్కువ మేర. అలా ఎనిమిదో తొమ్మిదో పొరలు. ఒక్కో పొర వేస్తే వేసినట్టే కనపడదు. పెద్దాయన మొదటి ఏడాది నాకు చెప్పిందల్లా ఒకటే: "అంచు కనపడకూడదు. ఎక్కడ ముదురు అయిపోయిందో, ఎక్కడ లేత మొదలైందో చూసేవాడికి తెలిసిందంటే నువ్వు ఇంటికి పోవచ్చు." దానికి రెండు కుంచెలు కావాలి. ఒకదాంట్లో రంగు, ఒకదాంట్లో ఒట్టి తడి. రంగు పెట్టగానే, అది ఆరేలోపు, తడి కుంచెతో అంచుని లాగెయ్యాలి. ఆలస్యమైతే మరక కడుతుంది. తొందరపడితే కింది పొర లేచొస్తుంది. వానాకాలంలో మరీ కష్టం, ఏదీ ఆరదు. హెయిర్ డ్రయర్ దూరంగా పట్టుకుని ఒక్కో పొరా ఆరబెట్టేదాన్ని. కుంచె కొన నాలికతో సరిచేసుకునే పాడలవాటు నాకుంది. సాయంత్రానికి నాలిక ఏ రంగులో ఉందో చూసి ఆ రోజు ఎవరికి వేశానో చెప్పొచ్చు.

చనిపోయినవాళ్ళ బంధువులు వచ్చి రంగులు సరిచూసుకోవచ్చని విచారణాధికారి ఉత్తరం రాశాడు. రోజుకొకరో ఇద్దరో వచ్చేవారు. నేనెవరో వాళ్ళకి తెలీదు. పెద్దాయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఒక ముసలాయన చాలాసేపు భూతద్దంలోంచి చూసి, "మా ఆవిడ సంచీ ఎడమచేత్తో పట్టుకుంటుందమ్మా, కుడిచేతికి నొప్పి," అన్నాడు. చెయ్యి కోసి, సంచీ మార్చి అంటించాను. ఆయన నాకు నమస్కారం పెట్టి వెళ్ళాడు.

మిషను కుట్టే ఆమె వచ్చింది ఆ తర్వాతి వారంలో. ముప్ఫై ఏళ్ళుంటాయి. గొడుగు గుమ్మం దగ్గర పెట్టి, చేతులు రెండుసార్లు తుడుచుకుని గాని బల్ల దగ్గరికి రాలేదు. ఆమె చెల్లెలు అంకె పందొమ్మిది. ఆకుపచ్చ కోటు.

"ఇది కాదక్కా రంగు," అంది చూస్తూనే.

"జాబితాలో ఆకుపచ్చ అనే ఉందండీ."

"ఆకుపచ్చే. ఈ ఆకుపచ్చ కాదు. నా చేత్తో కుట్టిన కోటు, నాకు తెలీదా?" సంచీలోంచి చిన్న గుడ్డముక్క తీసింది. కోటు కుట్టగా మిగిలింది. నాచు రంగు, లోపల ఎక్కడో కాస్త పసుపు. నేను ఆమె ఎదురుగానే కలిపాను. మూడుసార్లు కలిపితే కుదిరింది. పాత రంగు మీద పూసి, ఆరబెట్టి, భుజాల మీద లేత పొరలు నాలుగైదు వేసి చూపించాను. అప్పటికి గంటన్నర అయింది. ఆమె కదల్లేదు.

"రంగు అదే," అంది. "కానీ అక్కా, భుజాలు అలా వెలిసిపోయినట్టున్నాయేం?"

"వెలుతురు పైనుంచి పడుతుంది కదండీ. అందుకని పైన లేతగా, కిందికి వెళ్ళేకొద్దీ ముదురుగా వేస్తాం."

ఆమె నా వైపు జాలిగా చూసింది.

"వెలుతురెక్కడిదక్కా ఆ రోజు? వాన. గంటసేపు క్యూలో తడిశాం. ముందు తడిసేది భుజాలే. తడిసిన బట్ట నల్లబడుతుంది. కింద అంచు దగ్గర పొడిగా ఉంటుంది. మీరు తిరగేసి వేశారు."

పక్క బల్ల దగ్గర పెద్దాయన చేతిలో పని ఆగింది. లేచొచ్చి, భూతద్దం తీసుకుని, వరసగా ఉన్న బొమ్మలన్నీ చూశాడు. అప్పటికి నలభై అయ్యాయి. అందరి భుజాల మీదా చక్కటి ఎండ కాస్తోంది.

"ఆవిడ చెప్పింది నిజమే," అన్నాడు. "యాభై ఏళ్ళ బట్టీ చేస్తున్నాను. మన నమూనాల్లో ఎప్పుడూ ఎండే. వానలో మనిషికి రంగెయ్యడం నాకూ తెలీదు."

అన్నీ మళ్ళీ వేశాను. ముదురు రంగుని నీళ్ళలా పల్చన చేసి, మెడ దగ్గర మొదలుపెట్టి, భుజాలు దాటి, వీపు మధ్యలో కనపడకుండా పోయేలా లాగడం. మామూలుగా ముదురు నుంచి లేతకి వెళ్తాం. ఇది వెనక్కి నడిచినట్టు. మొదటి పది బొమ్మలూ మసి పూసినట్టు తయారయ్యాయి. పదకొండో బొమ్మకి, కిటికీ బయట కరెంటు స్తంభం కింద తడుస్తున్న ఒకతన్ని చూస్తూ వేశాను. అప్పుడు కుదిరింది. బల్ల మీద వాన పడుతున్నట్టే ఉంది. నాకు సంతోషం వేసింది. మరుక్షణం ఆ సంతోషానికి సిగ్గేసింది.

రెండు వారాల తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది. అప్పటికి రేవంతా బల్ల మీదికి చేరింది. గోధుమరంగు నీళ్ళు, బల్లకట్టు, వంతెన, టికెట్ల గది. పెద్దాయన గేటుని కీలు దగ్గర వంచి, ఒక్క మేకుకి వేలాడేలా పెట్టాడు. గేటు మనిషి పక్కనున్న స్తంభానికి గుద్దుకుని, ఒక చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. వాంగ్మూలంలో ఎలా ఉంటే అలా. ఆ సమయానికి పెద్దాయన కింద కొయ్యపని వాళ్ళ దగ్గరున్నాడు.

ఆమె ముందు చెల్లెల్ని చూసుకుంది. చాలాసేపు చూసింది. "ఇప్పుడు తడిసింది," అంది. వంతెన మీద ఎనిమిదో మనిషి ఆమే, గళ్ళ స్కార్ఫుతో. దాన్ని చూడలేదు. ఆమె చూపు గేటు దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

"ఇదేంటక్కా, ఇలా పెట్టారు?"

"విరిగింది కదండీ. జనం తోసుకొచ్చి..."

"తర్వాత విరిగింది."

నా చేతిలో కుంచె ఉంది. దాన్ని నీళ్ళ గ్లాసులో పెట్టాను.

"ముందు తెరిచాడు," అంది ఆమె. "నేనడిగితే తెరిచాడు. చెల్లెలు ముందెళ్ళిపోయింది. నేను టికెట్ల దగ్గర చిల్లర కోసం ఆగాను, ఇంతలో గేటు పడింది. దానికి చెవులు సరిగా వినపడవక్కా. ఒక్కత్తే లాంచీ ఎక్కితే ఎక్కడ దిగాలో తెలీదు. నన్నొక్కదాన్నీ వదలవయ్యా అన్నాను. కుదరదమ్మా అన్నాడు. మళ్ళీ అడిగాను. కుదరదన్నాడు. ఏడ్చాను. అప్పుడు నా మొహంలోకి చూశాడు. గడియ తీశాడు. ఒక కాలు లోపల పెట్టానో లేదో, వెనకాల ఉన్నవాళ్ళందరూ..." ఆమె రెండు చేతులూ ముందుకి తోస్తున్నట్టు చూపించి ఆపేసింది. "నన్ను దాటుకుని పోయారు. నేను వంతెన మీదే ఉండిపోయాను. అందుకే బతికాను."

కింద రంపం చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది.

"ఇది విచారణలో చెప్పారా?"

"వాళ్ళు కోటు రంగడిగారు. చెల్లెలి వయసడిగారు. గేటు సంగతి అడగలేదు. విరగ్గొట్టారని ఆయన చెప్పాడట. నా పేరు రాకూడదని చెప్పాడో, తన మెడకి చుట్టుకుంటుందని చెప్పాడో నాకు తెలీదు." తల వంచి భుజానికి కళ్ళు తుడుచుకుంది, చేతులు బల్లకి ఆనించే ఉంచి. "నేనేం చెప్పినా మా అమ్మ నా మొహం చూడదక్కా ఇంక. అలాగని చెప్పకపోతే నిద్రపట్టట్లేదు. పాపం, ఆయనకీ ఇంట్లో పెళ్ళాం ఉంటుంది కదా."

"ఉంటుంది," అన్నాను.

ఆమె వెళ్ళిపోయాక ఆ రోజు ఒక్క బొమ్మకీ రంగెయ్యలేదు.

ఆదివారం మధ్యాహ్నం. ఇంట్లో మూడు చోట్ల కారుతోంది. మా ఆయన ఎక్కడ చినుకు పడితే అక్కడ గిన్నె పెడుతూ, నిండినవి పారబోస్తూ తిరుగుతున్నాడు. ఆ కాలంలో ఆయన ఇష్టంగా చేసిన పని అదొక్కటే. అత్తగారు లోపలి గదిలో పడుకుంది. నేను గుమ్మం మీద కూర్చున్నాను.

"పెద్దాయన మీ బొమ్మ చేస్తున్నాడు," అన్నాను. "కుడిచెయ్యి ఎటు పెట్టాలో మిమ్మల్ని అడగమన్నాడు."

అబద్ధం. ఆ చెయ్యి ఎప్పుడో అంటించేశారు. నా కాపురంలో ఆయనతో అంత తేలిగ్గా అబద్ధమాడిన గుర్తు లేదు.

ఆయన చేతిలో గిన్నె అలాగే ఉంది. "రాసిచ్చాను కదా," అన్నాడు.

"కాయితంలో స్తంభానికి గుద్దుకున్నట్టుందట. దానికి ముందు ఎక్కడుందో కావాలట."

గిన్నె కింద పెట్టాడు. నిలబడి ఉన్నాడు. కప్పులోంచి రెండు చినుకులు ఆయన భుజం మీద పడ్డాయి, జరగలేదు. తర్వాత కుడిచెయ్యి నడుము ఎత్తుకి లేపి, నాలుగు వేళ్ళూ మడిచి, మెల్లిగా తన వైపుకి లాక్కున్నాడు. గడియ తీసేటప్పుడు చెయ్యి అలాగే కదులుతుంది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇక్కడ," అన్నాడు.

నేను తలూపాను.

"ఎవరో ఏడుస్తూ అడిగారు," అన్నాడు.

"ఎవరు?"

నా మొహంలోకి చూశాడు. "గుర్తులేదు."

ఇంకెవరైనా అయితే ఆ మనిషిని చూపించి బయటపడేవాళ్ళు. నాతో కూడా చెప్పలేదాయన. నేనూ, నాకు తెలుసని చెప్పలేదు. లేచి నిండిన గిన్నె తీసుకుని బయట పారబోసి వచ్చాను.

"రేపు వెళ్ళి చెప్పేస్తాను," అన్నాడు.

లోపలి గదిలో మంచం కిర్రుమంది. అత్తగారు తలుపు పట్టుకుని నిలబడింది. ఎప్పటినుంచి వింటోందో.

"చెప్పేస్తావా? చెబితే పోయినవాళ్ళు లేచొస్తారా?"

"రారమ్మా."

"మరెందుకురా? విరిగిన గేటు నోరు తెరిచి చెబుతుందా, నువ్వు తీశావని? తోసినవాళ్ళు హాయిగా ఉన్నారు. ఎక్కినవాళ్ళు హాయిగా ఉన్నారు. నువ్వే దొరికావా?"

"అమ్మా..."

"నీ పెళ్ళాం నేర్పిందా ఈ మాట?"

"ఎవరూ నేర్పలేదు."

ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ సాయంత్రం మా ఇద్దరికీ వడ్డించి, తను తినకుండా, కొడుకు చొక్కాకి ఊడిపోయిన గుండీ కుట్టింది. సూదిలో దారం ఎక్కించమని నన్నడగలేదు. పదిసార్లు తప్పిపోయినా తనే ఎక్కించుకుంది.

పొద్దున్నే ఆ చొక్కా వేసుకుని ఆయన విచారణ ఆఫీసుకి వెళ్ళాడు.

నాలుగు రోజులకి వర్క్‌షాపుకి కొత్త కాయితం వచ్చింది. పెద్దాయన అది చదివి, నన్ను చూసి, మళ్ళీ చదివాడు. పటకారుతో వంగిన గేటుని ఊడదీశాడు. స్తంభం దగ్గర మనిషిని కూడా. మర్నాడు కొత్త గేటు పెట్టాడు, సగం తెరిచి. కొత్త బొమ్మ పోసి, చెయ్యి నడుము ఎత్తున వంచి, బిరడాకి అంటించి నా ముందు పెట్టాడు.

"ఇది నువ్వే వెయ్యి," అన్నాడు.

మా ఆయనకి రేవువాళ్ళిచ్చిన నీలం కోటు ఉంది. మోచేతుల దగ్గర వెలిసింది. ఆ వెలిసిన చోటు నాకు తప్ప ఎవరికీ తెలీదు, అది కూడా వేశాను. భుజాల దగ్గర ముదురు పెట్టి కిందికి లాగాను. ఆరబెట్టి మళ్ళీ. మళ్ళీ. అంచు ఎప్పుడో కలిసిపోయింది. అయినా కుంచె ముంచుతూనే ఉన్నాను.

"చాలమ్మా," అన్నాడు పెద్దాయన నా వెనక నిలబడి. "ఇంకా పూస్తే ముద్దయిపోతుంది."

ఆఖరి విచారణ వానలు వెనకబట్టే రోజుల్లో జరిగింది. పెద్ద హాలు, కర్ర బెంచీలు, ముందు బల్ల మీద మా రేవు. లోపలికి వచ్చినవాళ్ళందరూ మొదట దాని చుట్టూ తిరిగారు. ఎవరూ బొమ్మలనలేదు. "అదిగో," అన్నారు. "ఇక్కడున్నాడు," అన్నారు. సంచీ ముసలాయన వేలు తగలకుండా గాల్లోనే ఒక చోట పెట్టి నిలబడ్డాడు. ఆయన్ని వెనక్కి పిలవడానికి ఎవరికీ నోరు రాలేదు.

నేను మా ఆయన పక్కన కూర్చున్నాను. మిషను కుట్టే ఆమె అవతలి వరసలో, మూడో బెంచీలో ఉంది. నన్ను చూసి పలకరింపుగా తలూపబోయింది. తర్వాత నా పక్కన ఉన్నదెవరో చూసింది. ఆమె మొహంలో రక్తం దిగిపోవడం అంత దూరం నుంచి కూడా కనపడింది.

విచారణాధికారి మా ఆయన్ని పిలిచాడు. గొంతు పెంచే మనిషి కాదు.

"గేటు మీరే తెరిచారు."

"అవునండీ."

"ముందు విరగ్గొట్టారని ఎందుకు చెప్పారు?"

"భయపడ్డానండీ."

"ఎందుకు తెరిచారు?"

"వానలో తడుస్తున్నారని."

"పదహారేళ్ళుగా తడుస్తూనే ఉన్నారు కదా. ఎప్పుడైనా తెరిచారా?"

"లేదండీ."

"మరి ఆ రోజు? ఎవరైనా అడిగారా?"

"రోజూ అందరూ అడుగుతారండీ."

అధికారి కలం పక్కన పెట్టి హాలు వైపు తిరిగాడు. "గేటు తెరిచిన సంగతి గురించి ఎవరికైనా ఏమైనా తెలిస్తే ఇప్పుడు చెప్పొచ్చు."

ఆమె ముందు బెంచీ అంచు పట్టుకుంది. సగం లేచింది. పక్కన ఉన్న పెద్దావిడ, తల్లే అయ్యుంటుంది, ఏమిటన్నట్టు తలెత్తి చూసింది. ఆమె మా ఆయన్ని చూడటం లేదు. నన్నే చూస్తోంది, అడుగుతున్నట్టు.

నేను తల అడ్డంగా ఊపాను. కొంచెమే. పక్కవాళ్ళకి కూడా తెలిసి ఉండదు.

ఆమె కూర్చుంది.

అధికారి కాసేపు ఆగి, కలం తీసుకుని రాసుకున్నాడు. ఆయన నివేదికలో "ఏ కారణమూ లేకుండా" అన్న మాట రెండుసార్లు ఉంది. తర్వాత కోర్టు కూడా ఆ మాటే ఎత్తి చదివింది. రెండేళ్ళ శిక్ష పడింది. జాలిపడి తెరిచాడని ఎవరో ఒకరు చెప్పి ఉంటే సగానికి సగం తగ్గేదని మా తరఫు వకీలు మెట్లు దిగుతూ అన్నాడు. ఊరికే అన్నాడో, తెలిసి అన్నాడో. నేను అడగలేదు.

వానలు పోయాక మొదటిసారి ఆయన్ని చూడటానికి వెళ్ళాను. మధ్యలో ఇనుప జాలీ, అటు ఆయన, ఇటు నేను. సన్నబడ్డాడు. చెవుల దగ్గర జుట్టు కత్తిరించేశారు.

"అమ్మ ఎలా ఉంది?"

"తిడుతోంది."

"ఎవర్ని?"

"ముందు మిమ్మల్ని. తర్వాత నన్ను. తీరికున్నప్పుడు వీధి మొత్తాన్ని."

కాస్త నవ్వాడు. "తిట్టనీ. గొంతు లేస్తోందంటే బాగున్నట్టే."

పైకప్పు బాగుచేయించానని చెప్పాను. పెద్దాయన అడిగినట్టు చెప్పమన్నాడని చెప్పాను. అవతల గంట కొట్టారు. నేను లేచాను.

"ఆ రోజు హాల్లో," అన్నాడు ఆయన. "నేను అటు తిరిగి ఉన్నాను. వెనకాల ఎవరూ లేవలేదు కదూ?"

"లేదు," అన్నాను.

"అదే మంచిదయింది."

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో ఉన్నది ఊరటో, ఇంకొకటో, జాలీలోంచి నాకు సరిగా కనపడలేదు. రెండేళ్ళూ అయ్యాక తిరిగొచ్చాడు. అత్తగారు పోయింది. మేమిద్దరం అదే ఇంట్లో ఉన్నాం. ఆయన మళ్ళీ అడగలేదు. నేను ఇంతవరకూ చెప్పలేదు.